కాఫీకి ఎండే తొలి పరీక్ష

ఐరోపా సమాఖ్య దేశాల్లో 2023 జనవరి 1 నుంచి కొత్త కొలత ఒకటి అమల్లోకి వచ్చింది. వేయించిన కాఫీ గింజల్లో గానీ, పొడిలో గానీ ఓక్రాటాక్సిన్ ఎ అనే బూజు విషం కిలోకు 3 మైక్రోగ్రాములు మించకూడదు. అంతకుముందు 5 దాకా ఒప్పుకొనేవారు. ఇన్‌స్టంట్ కాఫీ హద్దును 10 నుంచి 5కి దించారు. లెక్క కట్టి చూస్తే టన్ను కాఫీ పొడిలో 3 మిల్లీగ్రాములు. అంటే ఒక్క నువ్వు గింజ ఎత్తు. అంతకు మించి కనిపిస్తే ఆ సరుకు అక్కడి బజారులోకి వెళ్లదు. ఇంత సూక్ష్మమైన దాన్ని పట్టుకునే పరికరాలు వచ్చినందుకు సంతోషించాల్సిందే. అయితే ఆ నువ్వు గింజెత్తు విషం ఎక్కడ పుడుతుందో, దాన్ని పుట్టకుండా ఆపగలిగేది ఎవరో కూడా అంతే శ్రద్ధగా తెలుసుకోవాలి. ఆ సంగతి ప్రయోగశాల నివేదికలో ఉండదు.

బూజు విషాల మీద శాస్త్రవేత్తల చూపు గట్టిగా పడింది 1960లో. ఆ ఏడాది ఇంగ్లండులో లక్ష దాకా టర్కీ కోళ్లు అంతుపట్టని జబ్బుతో చనిపోయాయి. ఆరా తీస్తే దోషం వాటికి పెట్టిన వేరుశనగ పిండిలో తేలింది. దానికి పట్టిన బూజు తయారుచేసిన అఫ్లాటాక్సిన్ వాటి కాలేయాలను తినేసింది. ఐదేళ్ల తరువాత, 1965లో, దక్షిణాఫ్రికా పరిశోధకులు మరో బూజు నుంచి ఓక్రాటాక్సిన్‌ను వేరుచేశారు. ఇది ముఖ్యంగా మూత్రపిండాల మీద దెబ్బ తీస్తుంది. 1970వ దశకంలో పచ్చి కాఫీ గింజల్లో దీని ఉనికి బయటపడినా, వేయించేటప్పుడు ఎలాగూ పోతుందిలే అన్న ధీమా ఉండేది. 1980వ దశకం చివరికి ఆ ధీమా చెదిరింది. దుకాణాల్లో అమ్ముతున్న వేయించిన కాఫీలోనూ విషం కనిపించింది. వేయింపు దాన్ని చాలావరకు తగ్గిస్తుంది కానీ పూర్తిగా తుడిచెయ్యదు. మరిగే నీళ్లకైతే అది అసలే లొంగదు.

ఇంతవరకు చదివి చేతిలోని కప్పును పక్కన పెట్టనక్కర్లేదు. ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి నడిపే నిపుణుల సంఘం ఒక హద్దు చెప్పింది. మనిషి బరువులో కిలోకు వారానికి 100 నానోగ్రాముల దాకా ఈ విషం లోపలికి వెళ్లినా ఓర్చుకోవచ్చని దాని అంచనా. రక్తంలో చేరితే వారాల తరబడి ఉండిపోయే పదార్థం కాబట్టి లెక్క వారానికి కట్టారు. 60 కిలోల మనిషికి ఇది 6 వేల నానోగ్రాములు. కప్పుకు 10 గ్రాముల పొడి చొప్పున రోజూ రెండు కప్పులు తాగేవారు, ఆ పొడి ఐరోపా హద్దును సరిగ్గా అంటుకుని ఉన్నా, వారానికి 420 నానోగ్రాములే తీసుకుంటారు. ఓర్చుకోదగిన దానిలో పద్నాలుగో వంతు. ఐరోపావాసుల తిండిని లెక్కగట్టినప్పుడు కూడా ఈ విషంలో పెద్ద వాటా ధాన్యాలదిగా తేలింది. కాఫీది పదో వంతుకు కాస్త తక్కువ. అలాగని కొట్టిపారేయడానికీ లేదు. జంతువుల్లో క్యాన్సర్ కలిగించిన దాఖలాలను బట్టి, మనుషుల్లోనూ కలిగించే అవకాశం ఉన్న పదార్థాల జాబితాలో దీన్ని 1993లోనే చేర్చారు. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2020లో మళ్లీ పరిశీలించి, 'ఇంతవరకు ఫరవాలేదు' అని గీత గీయడానికి వెనుకాడింది. హద్దులు బిగుసుకోవడం వెనుక ఉన్నది ఆ సంకోచమే. భయపడాల్సినంత లేదు, ఏమరుపాటు పనికిరాదు. ఈ రెండింటి నడుమ నిలబడి మాట్లాడాలి.

అలా నిలబడి మాట్లాడడం వ్యాపారానికి కలిసిరాదు. అమెరికా వంటి చోట్ల కొంతకాలంగా 'బూజు విషం లేని కాఫీ' అంటూ కొన్ని డబ్బాలు మామూలు ధరకు రెండింతలు, మూడింతలు పలుకుతున్నాయి. అక్కడున్న మనవాళ్లు సెలవులకు వచ్చినప్పుడు ఆ డబ్బాలను సూట్‌కేసులో పెట్టుకొస్తారు. పరీక్ష చేయించామని చెప్పుకోవడంలో తప్పేమీ లేదు. కానీ పక్క డబ్బాలోది విషమే అన్న అనుమానాన్ని కొనేవారి మనసులో నాటి ఆ అనుమానాన్నే అమ్ముకోవడం వేరు. మంచి గింజ ఎంచి, సరిగా ఆరబెట్టి, పొడిగా నిలవచేసిన ఏ కాఫీ అయినా చాలామటుకు ఈ హద్దుల లోపలే ఉంటుంది. దానికి ప్రత్యేకమైన పేరు అక్కర్లేదు.

పరీక్ష ఎలా జరుగుతుందో చూస్తే దాని బలం, బలహీనత రెండూ తెలుస్తాయి. బస్తాల్లోంచి తీసిన గింజలను మెత్తగా దంచుతారు. ద్రావకంలో కలిపి వడకడతారు. ఆ ద్రవాన్ని ఓక్రాటాక్సిన్‌ను మాత్రమే పట్టి ఉంచే ప్రతిరక్షకాలు నింపిన చిన్న గొట్టం గుండా పోనిస్తారు. అక్కడ చిక్కిన దాన్ని విడిపించి, పదార్థాలను వేరుచేసి చూపే హెచ్‌పీఎల్‌సీ యంత్రంలోకి పంపుతారు. అతినీలలోహిత కాంతి పడగానే ఈ విషం నీలంగా వెలుగుతుంది. ఆ వెలుగు ఎంతో కొలిస్తే విషం ఎంతో తేలుతుంది. యంత్రం దాదాపు తప్పు చెప్పదు. చిక్కంతా యంత్రం దగ్గరకు చేరే గింజల్లో ఉంది. విషం సరుకంతటా సమానంగా పరుచుకోదు. 60 కిలోల బస్తాలో నాలుగు లక్షల దాకా గింజలుంటే, బూజు పట్టినవి వాటిలో ఏ కొన్నో ఉంటాయి. ఆ కొన్నిటిలోనే విషం గుట్టుగా కూర్చుంటుంది. పిడికెడు గింజలు తీసి పరీక్షిస్తే అవి తగలకపోవచ్చు, ఒకటి తగిలితే సరుకంతా చెడ్డదనిపించవచ్చు. అందుకే పెద్ద సరుకులో వంద చోట్ల నుంచి కొద్దికొద్దిగా తీసి, 10 కిలోలు పోగుచేసి, అదంతా దంచి, అందులోంచి పరీక్షకు తీసుకోవాలని ఐరోపా నిబంధన చెబుతోంది. అంత చేసినా నివేదిక ఆ సరుకు సంగతే చెబుతుంది. వచ్చే నెల వచ్చే బస్తాల గురించి దానికేమీ తెలియదు.

మరి తెలిసేది ఎవరికి? ఆరబెట్టేవారికి. కాఫీ పండు చెట్టు మీద పండినప్పుడు నీటితో నిండి ఉంటుంది. ఆ దశలో ఈస్టులు, బ్యాక్టీరియాలదే పైచేయి, ఈ బూజుకు చోటివ్వవు. బాగా ఎండిపోయాక బూజు ఎదగడానికి తేమ చాలదు. అపాయమంతా నడిమి దశలో. గింజ సగం ఎండి సగం తడిగా ఉండే ఆ రోజులు ఎంత త్వరగా గడిస్తే అంత మంచిది. నాలుగు రోజుల లోపు దాటించగలిగితే విషం తయారయ్యే వ్యవధి ఉండదని కాఫీ నిపుణులు చెబుతారు. కల్లంలో పరిచిన మందం మూడు అంగుళాలకు మించకూడదని, గంటకోసారైనా కలియబెట్టాలని, సాయంత్రం మంచు పడకముందే కుప్పజేసి పట్టా కప్పాలని పెద్దలు పదేపదే చెప్పేది ఇందుకే. పండును తొక్కతో సహా ఎండబెడితే పన్నెండు నుంచి పదిహేను రోజులు పడుతుంది. గుజ్జు తీసి, కడిగి, గింజ మీది పలుచని పొరను అలాగే ఉంచి పార్చ్‌మెంట్‌గా ఆరబెడితే అంతకంటే తొందరగా ఎండుతుంది. తేమ పార్చ్‌మెంట్‌లో నూటికి 10కి దిగేదాకా ఆ పని ఆగదు. నేల మీద రాలి రెండు రోజులు పడి ఉన్న పండ్లను మంచివాటిలో కలపకపోవడం, పగిలిన, పురుగు తొలిచిన, నల్లబడిన గింజలను ఏరెయ్యడం కూడా ఇదే పనిలో భాగం. కోడెక్స్ ఆహార ప్రమాణాల సంఘం 2009లో కాఫీలో ఈ విషాన్ని తగ్గించే పద్ధతులను ఒక నియమావళిగా తెచ్చింది. అందులో ఎక్కువ భాగం తోట, కల్లం, గోదాము గురించే. కల్లంలో బాగా ఎండిన గింజ తరువాత చెడిపోవడానికీ దారులున్నాయి. వేడి రేవులో మూసిన కంటైనర్ చల్లటి సముద్రం మీదికి వెళ్లేసరికి లోపలి తేమ పైకప్పుకు పట్టి బొట్లుబొట్లుగా బస్తాల మీద రాలుతుంది. ఆ కాస్త తడి చాలు.

మనకు ఈ కథ దూరపుది కాదు. అరకు, పాడేరు, చింతపల్లి కొండల మీద సిల్వర్ ఓక్ నీడన, మిరియాల తీగల పక్కన గిరిజన కుటుంబాలు పండిస్తున్న అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 2017 నుంచి పారిస్ నగరంలో అరకు పేరుతోనే దుకాణం ఉంది. అటు గుంటూరు జిల్లా దుగ్గిరాలలో తయారయ్యే ఇన్‌స్టంట్ కాఫీ ఎన్నో దేశాలకు ఓడలెక్కుతోంది. మన్యంలో కాఫీ కోత నవంబరులో ఊపందుకుంటుంది. బంగాళాఖాతంలో వాయుగుండాలు లేచేదీ ఆ నెలల్లోనే. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చింది సరిగ్గా కోతల నడుమ. పొద్దున ఎండ చూసి పరిచిన పండ్లు మధ్యాహ్నానికి జల్లుకు తడిస్తే, ఎత్తి దాచుకునే చోటు లేని రైతు ఏం చేస్తాడు? రెండెకరాల కొండవాలు, ఇంటి ముందు మట్టి నేల, కప్పడానికి ఒక చిరుగుల పట్టా. తడిసిన సరుకు ఇంకా చెడకముందే సంతలో వచ్చిన ధరకు అమ్ముకుంటాడు. అది మరో పదిమంది సరుకుతో ఒకే బస్తాలోకి వెళుతుంది. రేవు దాటాక ఆ బస్తా పరీక్షలో తప్పితే, నింద మాత్రం వెనక్కి నడుచుకుంటూ ఆ కొండ దాకా వస్తుంది.

తడి తనంత తానే శత్రువు కాదని చెప్పే విచిత్రమైన ఉదాహరణ మన దేశంలోనే ఉంది. తెరచాప ఓడల కాలంలో పడమటి తీరపు కాఫీ ఆఫ్రికా చుట్టూ తిరిగి ఐరోపాకు చేరడానికి నెలలు పట్టేది. సముద్రపు తేమకు గింజ ఉబ్బి, పసుపు తిరిగి, పులుపు తగ్గేది. 1869లో సూయజ్ కాలువ తెరుచుకుని, ఆవిరి ఓడలు వచ్చి ప్రయాణం కుదించుకుపోయాక అక్కడివారు ఆ రుచి కోసం మొహం వాచారు. ఇప్పుడు మంగళూరు ప్రాంతపు గోదాముల్లో వానాకాలపు గాలికి గింజలను కావాలనే తెరిచి పెట్టి అదే రుచి తెస్తున్నారు. మాన్సూన్డ్ మలబార్ అంటే అదే. కానీ అక్కడ తేమను వదిలెయ్యరు, కాపలా కాస్తారు. పలచగా పరుస్తారు, అదేపనిగా కలియబెడతారు, బస్తాలు మారుస్తారు, చివరికి చెడినవి ఏరిపారేస్తారు. తేమతో ఆడుకోవడానికి కూడా గోదాము, కూలీలు, ఓపిక ఉండాలి. ఆ మూడూ ఉన్నవాడి చేతిలో రుచి అయిన తేమే, అవి లేనివాడి పెరట్లో విషానికి దారి తీస్తోంది.

ఇక తాగేవారి సంగతి. మన దేశంలో పండే కాఫీలో మూడింట రెండు వంతులకు పైగా పరాయి దేశాలకు పోతుంది. ఐరోపా హద్దు వేయించిన కాఫీకే అయినా, రేపు పట్టుబడితే నష్టం తమదే కనుక అక్కడి వ్యాపారులు పచ్చి గింజల దశలోనే పరీక్ష పత్రం అడుగుతారు. ఇక్కడ సందు చివర మర దగ్గర పొడి పట్టించుకునేవారు చికోరీ ఎంత కలపాలో చెబుతారు కానీ గింజ ఎలా ఎండిందని అడగరు. అడగాలని కూడా ఎవరూ చెప్పలేదు. మిరపలోనూ ఇదే తీరు. గుంటూరు కల్లాల్లో ఎండే మిర్చికి ఐరోపా పెట్టిన ఓక్రాటాక్సిన్ హద్దు కిలోకు 20 మైక్రోగ్రాములు. ఎగుమతికి వెళ్లే సరుకును ఆ లెక్కన ఏరుతారు. ఏరగా మిగిలింది ఎవరి కూరలోకి వెళుతుందో ఆలోచించాలి. బూజు విషం బీదవాడి కంచంలోకి ముందు వస్తుందని మనకు అనుభవమే. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దుల్లోని బాంస్‌వాడా, పంచమహల్ జిల్లాల్లో అకాల వర్షానికి తడిసి బూజు పట్టిన మొక్కజొన్నే తినాల్సి వచ్చిన గిరిజనులు వంద మందికి పైగా కాలేయం దెబ్బతిని చనిపోయారు. కారణం అఫ్లాటాక్సిన్ అని తేల్చిన పరిశోధకులు హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థవారు. చెడ్డ గింజను పారేసే వెసులుబాటు కూడా ఆ కుటుంబాలకు లేదు.

కాబట్టి ఖర్చు ఎక్కడ పెట్టాలన్నది స్పష్టమే. రేవు దగ్గర ఖరీదైన యంత్రం ఉండాలి, కాదనలేం. కానీ సంతలో తేమ కొలిచే చిన్న మీటరు, ఊరికో ఎత్తయిన ఆరబెట్టే వేదిక, ఇంటికో చిరగని పట్టా అంతకంటే ముందు ఉండాలి. గుజ్జు తీసే యంత్రం నడిచే దూరంలో ఉంటే పండ్లు రాత్రంతా గోనె సంచిలో మగ్గవు. గిరిజన సహకార సంస్థ, కాఫీ బోర్డు, ప్రైవేటు వ్యాపారులు ఎవరు కొన్నా, బాగా ఎండిన సరుకుకు కంటికి కనిపించేంత ఎక్కువ ధర ఇవ్వాలి. పదిహేను రోజులు గంటగంటకు కలియబెట్టిన శ్రమకు, తడిసిన పండ్లను తూకంలో కలిపేసిన తొందరకు ఒకటే ధర పలికితే ఏ ప్రయోగశాల కాఫీని కాపాడలేదు. అలాగే పరీక్ష ఫలితం తెలియాల్సింది కొనేవారికి మాత్రమే కాదు. తన సరుకు నెగ్గిందో తప్పిందో, తప్పితే ఎందుకో పండించినవారికి వారి మాటలో చెప్పాలి. వచ్చే కోతకు దిద్దుకునే వీలు అప్పుడే ఉంటుంది.

ఇంట్లో తాగేవారు చేయగలిగింది కొంచెమే, కానీ చేయదగినదే. పొడి కొద్దికొద్దిగా కొనుక్కోవడం, తడి తగలని డబ్బాలో మూతపెట్టి ఉంచడం, ముక్క వాసన వేస్తే మొహమాటపడకుండా పారబోయడం. దానితో పాటు, గింజ ఎక్కడిదని అడిగే అలవాటున్నవారు ఎలా ఆరబెట్టారని కూడా అడగడం మొదలుపెట్టాలి. పారిస్‌లో తాగే కప్పుకు ఇస్తున్న భరోసా పాడేరు బస్టాండు హోటల్లో తాగే కప్పుకూ ఇవ్వాలని ప్రభుత్వాన్ని, వ్యాపారిని నిలదీసే హక్కు మనకుంది. పరాయివారి నిబంధన వల్ల మొదలైన జాగ్రత్త అయినా, దాని ఫలం మొదట అందాల్సింది ఈ కాఫీని పండించినవారికి, ఇక్కడే తాగేవారికి.