ఎనిమిదో స్థానం అందరికీ ఒకటి కాదు

ముందే చెప్పేస్తున్నా, నేను మాంచెస్టర్ యునైటెడ్ అభిమానిని. ఈ మధ్య ఈ మాట చెప్తే ఎదుటివాళ్ళు అదోలా జాలిగా చూస్తున్నారు, ఏదో దీర్ఘవ్యాధి ఉందని చెప్పినట్టు. అలవాటైపోయింది. ఫుట్‌బాల్ అంటే ఆసక్తి లేనివాళ్ళు కూడా కాసేపు ఓపిక పట్టండి. ఇందులో మన ఆఫీసుల సంగతి కూడా కొంత వస్తుంది.

ఒక సీజన్ పాడైపోయింది. మేనేజర్ని ఉంచాలా, పంపాలా? ఫుట్‌బాల్‌లో మేనేజర్ అంటే మన క్రికెట్ కోచ్ లాంటివాడు కాదు. పదకొండు మంది ఎవరో, ఎలా ఆడాలో నిర్ణయించేది ఆయనే. ఎవర్ని కొనాలో కూడా చాలావరకు ఆయన మాటే. కాబట్టి తలకాయ ఎగిరితే ముందు ఎగిరేది ఆయనదే.

2024 మే 25 సాయంత్రం. ఎఫ్ఏ కప్ ఫైనల్, ఎదురుగా మాంచెస్టర్ సిటీ. కొండాపూర్లో మా ఫ్లాట్లో నలుగురం టీవీ ముందు కూర్చున్నాం. నేనొక్కడినే యునైటెడ్, ఒకడు ఆర్సెనల్, మిగిలిన ఇద్దరూ బిర్యానీ పార్టీ. గర్నాచో ఒకటి, మైనూ ఒకటి కొట్టారు, 2-1తో గెలిచాం. నేను సోఫా ఎక్కి గెంతాను. "ఇంకేంటి, టెన్ హాగ్‌ని ఉంచాల్సిందే" అని తీర్పు కూడా ఇచ్చేశాను. ఆర్సెనల్ వాడు చల్లగా "ఒక్క మ్యాచ్ చూసి చెప్తున్నావా బాసూ, సీజన్ చూసి చెప్తున్నావా?" అన్నాడు. కుళ్ళు అనుకున్నాను.

వాడిదే కరెక్టు. ఒప్పుకోడానికి నాకు చాన్నాళ్ళు పట్టింది.

ఆ సీజన్ ఎలా జరిగిందో చూడండి. లీగులో 8వ స్థానం, 60 పాయింట్లు. ప్రీమియర్ లీగు మొదలయ్యాక అప్పటిదాకా యునైటెడ్‌కి అదే అతి తక్కువ స్థానం. కొట్టిన గోల్స్ 57, ఇచ్చినవి 58. ఛాంపియన్స్ లీగులో గ్రూపులో ఆఖరు, ఆరు మ్యాచుల్లో 15 గోల్స్ సమర్పించుకున్నాం. మ్యాచ్‌కి సగటున 17కి పైగా షాట్లు మన గోలు మీదకి వచ్చాయి. కప్ సెమీఫైనల్లో రెండో డివిజన్ జట్టు కోవెంట్రీ మీద 3-0 ఆధిక్యంలో ఉండి 3-3 చేసుకుని, పెనాల్టీల్లో బయటపడ్డాం. లిసాండ్రో మార్టినెజ్, ల్యూక్ షా సీజన్లో ఎక్కువ భాగం గాయాలతో లేరు, అది నిజమే. కానీ మిడ్‌ఫీల్డు మధ్యలో లారీ పట్టేంత ఖాళీ ఉండటానికి గాయాలు కారణం కాదు. రెండో ఏడాది చివరికి కూడా "ఈ జట్టు ఆడే ఆట ఇదీ" అని చెప్పడానికి ఏమీ లేదు.

ఇప్పుడు పక్కన ఇంకో 8వ స్థానం పెడతాను. 2020-21లో ఆర్సెనల్‌ది కూడా 8వ స్థానమే. పాయింట్లు 61, మాకంటే ఒక్కటి ఎక్కువ. అంతకుముందు ఏడాది కూడా 8వ స్థానమే, అప్పుడు కూడా ఎఫ్ఏ కప్ గెలిచారు. అంటే ఆర్టెటాని పంపడానికి కారణాలు మావాడికంటే ఎక్కువే ఉన్నాయి. కానీ గోల్స్ లెక్క చూడండి: కొట్టినవి 55, ఇచ్చినవి 39. మా దగ్గర మైనస్ 1, అక్కడ ప్లస్ 16. క్రిస్మస్ నాటికి 15వ స్థానంలో ఉన్న జట్టు చెల్సీని 3-1తో ఓడించిన దగ్గర్నుంచి దారిలో పడింది. సాకా, స్మిత్ రో లాంటి కుర్రాళ్ళు జట్టులో కుదురుకున్నారు. పట్టిక ఒకే అంకె చూపిస్తుంది, లోపల మాత్రం ఒక ఇల్లు కడుతున్నారు, ఇంకో ఇల్లు కూలుతోంది.

ఆర్సెనల్ బోర్డు ఆ తర్వాత చేసింది నాకు ఇంకా నచ్చింది. ఉంచాలనుకున్నారు, నిజంగానే ఉంచారు. 2021 వేసవిలో వైట్, ఓడెగార్డ్, రామ్స్‌డేల్, టోమియాసు... కొన్నవాళ్ళందరూ 23 ఏళ్ళు, ఆలోపు వాళ్ళే. కొత్త సీజన్ మొదటి మూడు మ్యాచులూ ఓడిపోయారు, ఒక్క గోలు లేదు, 9 ఇచ్చారు, పట్టికలో అట్టడుగు. మా ఫ్రెండు మొహం చూడాలి ఆ రోజుల్లో! అయినా బోర్డు కదల్లేదు. డిసెంబర్లో ఆర్టెటా కెప్టెన్ ఔబమెయాంగ్‌నే పక్కన పెడితే బోర్డు ఆయన వెనకే నిలబడింది. ఆ ఏడాది 5వ స్థానం, ఆ తర్వాత వరసగా మూడేళ్ళు రెండో స్థానం.

మావాళ్ళేం చేశారు? కప్ గెలిచాక రెండు వారాలకి పైగా నాన్చారు. ఈలోగా వేరేవాళ్ళతో మాట్లాడారు, ఆ సంగతి తర్వాత టెన్ హాగే డచ్ టీవీలో చెప్పుకున్నాడు. చివరికి ఉంచారు. జూలైలో కాంట్రాక్టు 2026 దాకా పెంచారు, పక్కన అసిస్టెంట్లని మార్చారు. ఆటగాళ్ళ మీద దగ్గర దగ్గర 20 కోట్ల పౌండ్లు పోశారు, అందులో డి లిఖ్ట్, మజ్రావి ఆయన దగ్గర అయాక్స్‌లో ఆడినవాళ్ళే. తొమ్మిదంటే తొమ్మిది లీగు మ్యాచులు. 11 పాయింట్లు, 14వ స్థానం. అక్టోబర్ 28న పంపించేశారు.

ఆ తర్వాత వచ్చిన అమోరిమ్‌ది పూర్తిగా వేరే పద్ధతి, వెనక ముగ్గురితో ఆడిస్తాడు. ఒకడి కోసం కొన్న సామానుతో ఇంకొకడు వంట చెయ్యాలన్నమాట. 15వ స్థానం, 42 పాయింట్లు. 1973-74లో డివిజన్ నుంచి కిందకి పడిపోయిన తర్వాత అంత ఘోరమైన సీజన్ ఇంకోటి లేదు.

ఇక్కడ ఒక సొంత గొడవ చెప్పాలి.

నా మొదటి ఉద్యోగంలో, కంపెనీ పేరు అనవసరం, మా లీడ్‌ని అందరం అన్నా అనే పిలిచేవాళ్ళం. ఒక రిలీజ్ ఘోరంగా దెబ్బతింది. ప్రొడక్షన్లో రెండు రోజులు పేమెంట్లు ఆగిపోయాయి, క్లయింటు దగ్గర్నుంచి మెయిళ్ళ మీద మెయిళ్ళు. పైవాళ్ళు అన్నని తియ్యలేదు. "నీ మీద మాకు పూర్తి నమ్మకం ఉంది" అన్నారు. అని ఆయన నెత్తి మీద ఇంకో మేనేజర్ని కూర్చోబెట్టారు, టీంలోంచి ఇద్దరు మంచివాళ్ళని వేరే ప్రాజెక్టుకి పంపారు, ప్రతి చిన్న నిర్ణయానికీ పైనుంచి అప్రూవల్ అన్నారు. మూడు నెలలకి ఆయన్ని తీసేశారు. ఆ మూడు నెలల్లో ఆయన మొదలుపెట్టిన మార్పులు సగం కోడులో అలాగే ఉండిపోయాయి, కొత్తగా వచ్చినాయన వాటిని వద్దన్నాడు. పీకేసే పని నాకు పడింది. ఎనిమిది నెలలు.

అసలు గుచ్చుకునే సంగతి అది కాదు. రిలీజ్ తర్వాత పెద్ద మేనేజర్ మమ్మల్ని ఒక్కొక్కళ్ళనీ పిలిచి "ఈయన కొనసాగాలా?" అని అడిగాడు. ఆ రిలీజ్‌లో తప్పు అన్నది కాదని నాకు తెలుసు, టెస్టింగుకి అడిగిన రెండు వారాలు ఇవ్వనిది పైవాళ్ళే. నేనేమన్నానో తెలుసా? "రెండు వైపులా పాయింట్స్ ఉన్నాయి సార్" అన్నాను. అప్పటికి నేను చేరి ఏడాది కూడా కాలేదు, అప్రైజల్ దగ్గర్లో ఉంది. మా టీంలో ఇంకెంతమంది అదే అన్నారో తెలీదు గానీ, అందరం కలిపి ఆయన్ని సగం ఉంచి సగం పంపాం.

అందుకే యునైటెడ్ బోర్డు మీద నాకు అంత కోపం. ఉంచడం తప్పు కాదు, పంపడమూ తప్పు కాదు. నమ్మకం లేకుండా ఉంచడమే పాపం. ఆ మనిషికీ అన్యాయం, తర్వాత వచ్చేవాడికీ అన్యాయం. టెన్ హాగ్‌కి, ఆయన సిబ్బందికి ఇచ్చిన పరిహారమే కోటి పౌండ్లకి పైన. ఆయనకి తిండికి లోటు రాదులెండి. కానీ అదే 2024 వేసవిలో క్లబ్బులో దాదాపు 250 మంది మామూలు ఉద్యోగుల పోస్టులు తీసేశారు, 2025 ఫిబ్రవరిలో ఇంకో 150 నుంచి 200 మందిని తీసేస్తామని ప్రకటించారు. స్టేడియం స్టాఫ్ క్యాంటీన్లో ఉచిత భోజనం కూడా ఆపేశారు. క్లబ్బు చెప్పిన కారణం ఏళ్ళ తరబడి నష్టాలని. కావచ్చు. కానీ ఆ నష్టాల్లో ఇలాంటి ఊగిసలాటల ఖర్చు ఎంతో, టిక్కెట్లు చింపేవాడికీ టీలిచ్చే ఆవిడకీ ఎవరూ లెక్క చెప్పరు కదా. లే-ఆఫ్ మెయిల్ కోసం భయపడుతూ పొద్దున్నే లాప్‌టాప్ తెరిచిన అనుభవం మనలో చాలామందికి ఉంది.

ఇక్కడ ఆర్సెనల్ వాడు నన్ను ఇంకోసారి ఇరికించాడు. "సరే, గోల్స్ లెక్క అన్నావుగా. మీ ఫెర్గూసన్ 1989-90 లెక్క చెప్పు" అన్నాడు. చెప్తే నా వాదన నాకే తగుల్తుంది. 13వ స్థానం, కొట్టినవి 46, ఇచ్చినవి 47. అదే మైనస్ 1! ఆ సెప్టెంబర్లో సిటీ చేతిలో 5-1. వచ్చి మూడేళ్ళు దాటింది, మైదానంలో ఇక చాలు పొమ్మని బ్యానర్లు కట్టారు. పట్టిక ప్రకారమైనా, నా గోల్స్ లెక్క ప్రకారమైనా ఆయన్ని పంపెయ్యాల్సిందే. పంపలేదు. ఆ ఏడాదే ఎఫ్ఏ కప్ వచ్చింది, 2013లో తప్పుకునే లోపు 13 లీగు టైటిళ్ళు వచ్చాయి.

మరి తేడా ఏంటి? నాకు తోచింది ఇది. వచ్చిన దగ్గర్నుంచీ ఫెర్గూసన్ పాడైపోయిన కుర్రాళ్ళ అకాడమీని, స్కౌటింగుని మళ్ళీ కట్టుకుంటూ వచ్చాడు. తాగుడు అలవాటైన పాత జట్టుని విడదీశాడు. అది బయటి జనానికి కనపడలేదు, ఛైర్మన్ మార్టిన్ ఎడ్వర్డ్స్‌కి కనపడింది. ఆయన్ని తీసెయ్యాలని ఆ రోజుల్లో అనుకోనేలేదని ఎడ్వర్డ్స్ తర్వాత చెప్పాడు. అంటే గోల్స్ లెక్క కూడా చాలదు. లోపలికెళ్ళి చూడాలి. చూసే బాధ్యత బోర్డుది, అందుకే కదా వాళ్ళకి ఆ కుర్చీలు! కప్ ఫైనల్ రిజల్టు చూసి తేల్చుకోడానికైతే సోఫా ఎక్కి గెంతే నేను చాలు.

మన హైదరాబాదు రహీం సాబ్ సంగతి కూడా ఇలాంటిదే. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో ఆయన కోచ్‌గా ఉన్న మన జట్టు యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడింది. మనవాళ్ళలో చాలామంది ఉత్త కాళ్ళతో ఆడారు. ఈ రోజైతే విమానం దిగకముందే ఆయన ఉద్యోగం పోయేది. 1956లో మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానం, 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్ స్వర్ణం, రెండూ ఆ రహీం సాబ్ జట్లవే.

అలాగని ఓపిక పడితే అందరూ ఫెర్గూసన్లే అవుతారని కాదు. ఆ ఒక్క కథ చెప్పుకుని ఎంతమంది పనికిరానివాళ్ళు రెండో ఏడాది, మూడో ఏడాది లాగించారో! అలాగే పంపితే బాగుపడుతుందన్నదీ భ్రమే. బాస్ టెర్ వీల్ అనే డచ్ ఆర్థికవేత్త 1986 నుంచి 2004 దాకా హాలండ్ లీగు లెక్కలు తీశాడు. వరసగా ఓడి మేనేజర్ని మార్చిన క్లబ్బులు కోలుకున్నాయి, నిజమే. అలాగే ఓడి మార్చని క్లబ్బులు కూడా దాదాపు అంతే కోలుకున్నాయి. జ్వరం ఏడో రోజు తగ్గితే ఆ రోజు మందిచ్చిన డాక్టరుకి పేరొచ్చినట్టు.

2025లో టోటెన్‌హామ్ వాళ్ళు యూరోపా లీగు ఫైనల్లో మమ్మల్నే ఓడించి కప్పు ఎత్తారు, 17 ఏళ్ళ తర్వాత వాళ్ళకి దక్కిన మొదటి కప్పు. పదహారు రోజులకి మేనేజర్ పోస్టెకోగ్లూని తీసేశారు. అందరూ తిట్టారు. నేను తిట్టలేదు. లీగులో 38 మ్యాచుల్లో 22 ఓడి 17వ స్థానంలో ఉన్న జట్టు అది. కప్పు చూసి కళ్ళు చెదరలేదు వాళ్ళకి. ఏడాది ముందు మావాళ్ళకి లేనిది అదే.

అమోరిమ్ దగ్గరా మావాళ్ళు మారలేదు. 15వ స్థానం తర్వాత ఉంచారు, మళ్ళీ 20 కోట్ల పౌండ్లకి పైగా పెట్టి ఆయనకి ముందు వరస కొనిచ్చారు, 2026 జనవరిలో సీజన్ సగంలో పంపించేశారు.

ఆ నెలలోనే ఖమ్మం నుంచి బాబాయి ఫోన్ చేశాడు. నాకీ పిచ్చి అంటించింది ఆయనే. 2008లో మాస్కో ఫైనల్ అర్ధరాత్రి నన్ను లేపి మరీ చూపించాడు.

"మళ్ళీ తీసేశార్రా?"

"తీసేశారు బాబాయ్."

"ఇప్పుడెవరు?"

"కారిక్. సీజన్ అయ్యేదాకా."

"మన కారిక్కా? ఆ రోజు వానలో పెనాల్టీ కొట్టినోడు?"

"ఆయనే."

కాసేపు మాట్లాడలేదు. "ఎప్పట్నుంచి పెట్టుకోవాలన్నది సరే, ఎందుకు పెట్టుకున్నారో ఏమన్నా చెప్పార్రా?" అన్నాడు.