ఒండ్రు ఆగింది, ఒడ్డు తరుగుతోంది

వరద రోజుల్లో ధవళేశ్వరం నుంచి ఎన్ని లక్షల క్యూసెక్కుల నీరు సముద్రంలోకి వదిలారో అన్ని పత్రికలూ రాస్తాయి. ఆ నీటితో పాటు ఎంత మట్టి పోయిందో ఎవరూ రాయరు. కానీ కోనసీమ పుట్టింది ఆ మట్టితోనే. మన కొబ్బరి తోటలు, వరి చేలు, లంక పొలాలు అన్నీ గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు మీద నిలబడినవే. ఆ ఒండ్రు ఎంత వస్తోంది, ఎంత తగ్గింది, దానివల్ల సముద్రపు ఒడ్డు ఏమవుతోంది అన్న లెక్కను విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం భూగోళ శాస్త్ర శాఖ కట్టింది. లెక్క తేలి ఇరవయ్యేళ్లు దాటింది. అది చేరవలసిన గడపలకు ఇంకా చేరవలసినంతగా చేరలేదు.

విశ్వవిద్యాలయంలో భూగోళ శాస్త్రం అంటే దేశాల పేర్లు, రాజధానుల పేర్లు బట్టీ పట్టించే చదువని మనలో చాలామంది అనుకుంటాం. అది బడి రోజుల జ్ఞాపకం. అక్కడ జరిగే అసలు పని వేరు. నేల ఎట్లా ఏర్పడింది, ఎక్కడ అరుగుతోంది, ఎక్కడ పెరుగుతోంది, వాన ఎటు పోతోంది, ఆ నేల మీద మనిషి ఎట్లా బతుకుతున్నాడు అన్నది అక్కడ చదువుతారు. పాత పటాలు, ఉపగ్రహ చిత్రాలు పక్కపక్కన పెట్టి చూస్తారు. చూసింది నిజమో కాదో ఊళ్లకు వచ్చి సరిచూసుకుంటారు.

ఆ పద్ధతిలోనే భూగోళ శాస్త్ర శాఖ ఆచార్యురాలు బి.హేమమాలిని, అదే విశ్వవిద్యాలయంలో జియో ఇంజనీరింగ్ శాఖకు చెందిన కె.నాగేశ్వరరావు కలిసి గోదావరి డెల్టా తీరాన్ని పరిశీలించారు. 2004లో తమ ఫలితాలను ప్రచురించారు. 1976 నుంచి 2001 వరకు పాతికేళ్లలో గోదావరి డెల్టా అంచున నికరంగా 1,836 హెక్టార్ల నేల సముద్రం పాలయిందని తేల్చారు. మన కొలతలో అది సుమారు 4,500 ఎకరాలు. సగటున ఏడాదికి 180 ఎకరాలు. పోయిన దానిలో తుపాను గాలికి అడ్డు నిలిచే మడ అడవులూ ఉన్నాయి.

'సముద్రం ఒకచోట తింటే ఇంకోచోట పెడుతుంది, ఇది తాతల నాటి నుంచీ ఉన్నదే' అని తీర గ్రామాల పెద్దలు అంటారు. ఆ మాట అబద్ధం కాదు. అయితే నికరంగా అన్న మాటను గమనించాలి. మేట వేసిన నేలను కలుపుకొని, కోసుకుపోయిన నేలను తీసివేసి చూస్తే మిగిలిన నష్టం అది. పెట్టే చెయ్యి చిన్నదై, తినే నోరు పెద్దదైందని దాని అర్థం.

ఎందుకిట్లా అయింది? సముద్రపు అల ఒడ్డును కోస్తూనే ఉంటుంది. డెల్టాలోని మెత్తటి నేల తన బరువుకు తానే అణిగి కొద్దికొద్దిగా కుంగుతూనే ఉంటుంది. ఈ రెండు నష్టాలనూ నది ఏటా తెచ్చే కొత్త మట్టి పూడ్చేది. పూడ్చడమే కాదు, నేలను సముద్రంలోకి ముందుకు నెట్టేది. డెల్టాలో సముద్రానికి దూరంగా, ఊళ్ల పక్కన పొడుగ్గా సాగే ఇసుక మెరకలు ఒకనాటి సముద్రపు ఒడ్లే. ఈనాడు లోతట్టున ఉన్న కొల్లేరు కూడా వేల ఏళ్ల కిందట సముద్రాన్ని ఆనుకున్న కయ్యే. అక్కడి నుంచి ఇక్కడి దాకా నేలను మోసుకొచ్చింది నదులే.

ఆ మోత ఇప్పుడు తగ్గింది. ఇదే శాస్త్రజ్ఞులు మరికొందరితో కలిసి 2010లో కృష్ణా, గోదావరి డెల్టాలు రెండింటి మీదా ఇంకో పరిశోధన వెలువరించారు. గోదావరి నీటిలో తేలివచ్చే ఒండ్రు 1970-79 నాటికి ఏటా 15 కోట్ల టన్నులు. 2000-06 నాటికి అది 5 కోట్ల 72 లక్షల టన్నులకు పడిపోయింది. విచిత్రమేమంటే నీటి పరిమాణంలో పెద్ద మార్పు కనిపించలేదు. నీరు వస్తోంది, మట్టి రావడం లేదు. ఎగువన కట్టిన జలాశయాల అడుగున అది ఆగిపోతోంది. అక్కడ పూడిక అని తిట్టుకునేదే ఇక్కడికి వస్తే మన నేల.

పక్కనున్న కృష్ణమ్మ స్థితి మరీ దైన్యం. 1951-59లో డెల్టాకు ఏటా సుమారు 2,180 టీఎంసీల నీరు చేరగా, 2000-08 నాటికి అది 420 టీఎంసీల లోపుకు దిగింది. 1966-69లో 90 లక్షల టన్నులున్న ఒండ్రు 2000-05 నాటికి 4 లక్షల టన్నులయింది. రెండు డెల్టాల 336 కిలోమీటర్ల తీరంలో 1965 నుంచి 2008 వరకు నికరంగా 76 చదరపు కిలోమీటర్ల నేల పోయింది. అంటే సుమారు 18,700 ఎకరాలు. 1990కి ముందు ఏడాదికి 1.39 చదరపు కిలోమీటర్లుగా ఉన్న కోత, ఆ తర్వాత 2.25కు పైగానే సాగింది.

ఇది చదివి ఆనకట్టలు వద్దంటున్నామని ఎవరూ అనుకోనక్కరలేదు. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేయకపోతే ఈ డెల్టాకు అన్నపూర్ణ అన్న పేరు వచ్చేది కాదు. ఎగువ ప్రాంతాల రైతుకూ నీరు కావాలి. ఆ రైతు దాహానికి అడ్డం చెప్పే హక్కు మనకు లేదు. పోలవరం కూడా కట్టుకుంటున్నాం. మన ప్రశ్న ఒక్కటే. నీటికి లెక్క ఉన్నట్లు మట్టికి లెక్క ఉందా? వాటాల పంపకంలో టీఎంసీల కోసం పోట్లాడుకునే ప్రభుత్వాలు ఒండ్రు మాట ఎత్తుతున్నాయా? వరద పోటులో మట్టి కిందికి జారేట్లు గేట్లు నడపడం ఎంతవరకు సాధ్యమో నీటిపారుదల ఇంజనీర్లు, భూగోళ శాస్త్రజ్ఞులు ఒకచోట కూర్చుని తేల్చాలి.

ఇక తీరంలో మన చేతిలో ఉన్న పనులు కొన్ని ఉన్నాయి. ఒండ్రు తగ్గిన వేళ మిగిలిన కంచెను మనమే పీక్కోవడం తెలివితక్కువతనం. రొయ్యల చెరువుల కోసం మడచెట్లు నరికినా, ఒడ్డునున్న ఇసుక దిబ్బలను ట్రాక్టర్లతో తరలించినా అలకు మనమే దారి ఇచ్చినట్లు. 1977 దివిసీమ ఉప్పెన, 1996 కోనసీమ తుపాను చూసిన జిల్లాలకు ఈ మాట కొత్తగా చెప్పనక్కరలేదు. తీరంలో కట్టడాలపై నియంత్రణ నిబంధనలు 1991 నుంచీ ఉన్నాయి. అమలు చేయవలసిన అధికారులు కాగితం మీద గీసిన గీతను నేల మీద కూడా చూపించాలి.

అన్నిటికంటే ముందు జరగవలసింది, ఈ విద్య ఊరికి రావడం. ఈ పరిశోధనలన్నీ ఇంగ్లీషులో, శాస్త్ర పత్రికల్లో వచ్చాయి. సాటి శాస్త్రజ్ఞులు చదవడానికి అది అవసరమే. కాని అంతర్వేదిలో, ఓడలరేవులో, కాట్రేనికోన మండలం తీర గ్రామాల్లో ఇల్లు కట్టుకునే మనిషి ఆ పత్రిక ఎక్కడ చదువుతాడు? అప్పు చేసి అతడు కొనే పదిసెంట్ల స్థలం పాతికేళ్ల తర్వాత ఉంటుందో లేదో చెప్పగల సమాచారం విశాఖలో ఉంది. బిడ్డ పెళ్లికి అమ్ముదామని దాచుకున్న చెక్క పట్టాదారు పుస్తకంలో ఉండి, కాలి కింద లేకపోతే ఆ నష్టం ఎవరు తీరుస్తారు?

అందుకే మా సూచన. భూగోళ శాస్త్ర శాఖ ప్రతి తీర పంచాయతీకీ ఒక తెలుగు పటం తయారు చేసి ఇవ్వాలి. పాత ఒడ్డు ఎక్కడ, నేటి ఒడ్డు ఎక్కడ, ఏ పక్క కోత, ఏ పక్క మేట అన్నది రంగుల్లో చూపి, పంచాయతీ కార్యాలయం గోడకు తగిలించాలి. దానికయ్యే ఖర్చును జిల్లా యంత్రాంగం భరించాలి. ఇదేమీ కోట్ల పని కాదు.

రెండోది, తీరంలోని ఉన్నత పాఠశాలల పిల్లలచేత ఒడ్డును కొలిపించాలి. కదలని రాయి ఒకటి పాతి, అక్కడి నుంచి పోటు గీత వరకు టేపుతో కొలిచి, తేదీ వేసి పుస్తకంలో రాసుకుంటే చాలు. వానాకాలం అలలకు ఒడ్డు కోసుకుపోయి వేసవిలో మళ్లీ కూడుకుంటుంది కనుక ఏటా అదే నెల, అదే తిథి నాడు కొలవాలి. ఎట్లా కొలవాలో విశ్వవిద్యాలయ విద్యార్థులు వచ్చి నేర్పితే వారికీ అది చదువే. పదేళ్లకు ఆ పుస్తకం ఊరి ఆస్తి అవుతుంది. ఉపగ్రహానికి ఆనని చిన్న మార్పు కూడా దానిలో దొరుకుతుంది.

మూడోది, శాస్త్రజ్ఞులు ఊరివారి మాట కూడా రాసుకోవాలి. ఏ మొగ ఎప్పుడు పూడింది, ఏ దిబ్బ ఏ తుపానుకు పోయింది, తాత వల ఎండేసిన చోటు ఇప్పుడు ఎంత లోతు నీటిలో ఉంది అన్నది వేటకు పోయే మత్స్యకారుడికి తెలిసినంతగా ఏ చిత్రానికీ తెలియదు. అతని జ్ఞాపకం, వారి కొలత కలిస్తేనే లెక్క పూర్తవుతుంది.

గ్రామసభలో రోడ్లు, కుళాయిలు అడుగుతున్నాం. అవి కావలసినవే. ఈసారి తీర గ్రామాల ప్రజలు మా ఊరి ఒడ్డు పటం ఏదని కూడా అడగాలి. అడిగితే ఇవ్వడానికి విశ్వవిద్యాలయంలో విద్య ఉంది. అడిగినప్పుడు స్పందించవలసిన బాధ్యత జిల్లా కలెక్టరుది, ప్రజాప్రతినిధులది. నేల పోయిన తర్వాత పరామర్శకు వచ్చేకంటే, పోకముందే పటం తెచ్చి గోడకు పెట్టడం మేలు.