సొరబుర్ర గద, అంగారక తుపాకీ

పావగడలో శనిమహాత్ముని గుడిదగ్గర బొమ్మల అంగళ్ళముందు మొండికేసిన పిల్లవాణ్ణి చేయిపట్టి లాక్కుని రానివారు మన కుటుంబాలలో అరుదు. 2024 వేసవి సెలవులకు బెంగుళూరునుంచి వచ్చిన మా మనుమడు అక్కడ మాచేత ఒక తుపాకీ కొనిపించాడు. పసుపు, నీలం ప్లాస్టిక్కు. మూతి మాత్రం నారింజరంగు. వెనక్కు లాగి మీట నొక్కితే మెత్తని స్పంజి గుండు ఎగిరిపోతుంది. ఇల్లు చేరీచేరకముందే వాడు మొదలుపెట్టాడు: “తాతా, దీన్ని అంగారకగ్రహం తుపాకీగా చేసియ్యి.”

కారణం లేకపోలేదు. తిరుమణి చుట్టుపట్ల 13,000 ఎకరాలలో సౌరఫలకాలు పరచి, 2018లో మొదలుపెట్టి, 2,050 మెగావాట్ల విద్యుత్కేంద్రం నిలబెట్టారు గదా. మాకు అది వానరాని వేరుసెనగ చేలు పోయిన చోటు. వాడి కంటికి వేరే గ్రహం. అన్నదమ్ముల పిల్లలంతా కలిసి ఆ ఎర్రమట్టిలో, సెల్‌ఫోనుతో సినిమా తీస్తారట.

దాచుకోవడమెందుకు, మాకూ హుషారు పుట్టింది. పదునాలుగో ఏట పద్యనాటకంలో భీముడికి గద చేసిన చేతులివి. ఎండిన సొరబుర్రకు వెదురుకర్ర గుచ్చి, మైదాబంకతో పాతకాగితాలు వరుసమీద వరుస అంటించి, పైన బంగారుకాగితం చుట్టాము. ఒక చేత్తో చంటిపిల్లవాడు కూడా ఎత్తగలడు. కాని మా భీముడు దాన్ని రొప్పుతూ, రెండు చేతులా ఎత్తేవాడు. పెట్రోమాక్సు వెలుతురులో ఊరంతా అది మణుగు బరువని నమ్మింది.

సినిమావాళ్ళ గుట్టూ ఇంతే. 1977లో వచ్చిన ‘స్టార్ వార్స్’లో ఆ నక్షత్రవీరుల ఆయుధాలు ఆకాశంనుంచి ఊడిపడినవి కావు. హాన్ సోలో చేతి తుపాకీ పాత జర్మను మౌజరు పిస్తోలు. దానిమీద దుర్భిణి గొట్టం ఒకటి బిగించారు. వెలుగుకత్తి పిడి పాత గ్రాఫ్లెక్స్ కెమెరాకు మెరుపుదీపం పెట్టే గొట్టం. పాతసామాను ఏరుకునే కన్ను ఉండాలి, అంతే.

సరే, పని చెబుతాము. మొదట మరలు విప్పి తెరవాలి. లోపల ఒక గొట్టం, దానిలో ముషలకం, వెనుక స్ప్రింగు. స్ప్రింగు విడిచినప్పుడు ముషలకం ముందుకు దూకి గాలిని నెడుతుంది. గాలి గుండును నెడుతుంది. ఏది ఎక్కడుందో ఫొటో తీసుకోకుండా విప్పామా, మళ్ళీ కూర్చడం బ్రహ్మతరం కాదు (మాకు ఒక పూట పట్టింది). మావాడు గట్టి స్ప్రింగు వేద్దామన్నాడు. ససేమిరా అన్నాము. స్పంజి గుండే అయినా కంటికి తగిలితే కన్నే. తెరమీది తుపాకీ చూడడానికే గాని పేలడానికి కాదు.

ఇక పైపని. ఉప్పుకాగితంతో నిగనిగలు పోయేదాకా రుద్దాలి. లేకపోతే రంగు పొట్టులా ఊడుతుంది. తరువాత అడుగురంగు, అది ఆరాక నలుపు. జారే భాగాలకు రంగు తగలనీయకూడదు, పట్టుకుపోతాయి. అసలు కిటుకు ఆఖర్న ఉంది. కుంచెను వెండిరంగులో ముంచి, ఇక రంగే లేదనిపించేదాకా గుడ్డకు తుడిచి, అంచులమీద మాత్రం అలా అలా ఆడించాలి. ఏళ్ళతరబడి చేతులుపడి అరిగిన ఇనుములా తేలుతుంది. బిందుసేద్యం గొట్టాల కీళ్ళు రెండు, పాడైన టార్చిలైటు తల, సైకిలు గంటమూత పైన అతికించాము. అచ్చం మరో లోకపు ఆయుధమే! ఆ సంబరంలో నారింజ మూతికి కూడా నలుపు పూసేశాము.

మరునాడు మడకశిరలో మా చెల్లెలి ఇంటికి బయలుదేరాము. మోటారుసైకిలు మీద ముందు మా అబ్బాయి, నడుమ మనుమడు, వెనుక మేము. ఎన్నికల రోజులు, సరిహద్దులో బళ్ళు ఆపి సోదా చేస్తున్నారు. వాడి చంకలోని తువాలు జారింది. నల్లని గొట్టం బయటపడింది. ఎదుటనున్న కుర్రజవాను ఒక అడుగు వెనక్కు వేశాడు. అతని చేయి తన తుపాకీమీదికి పోయింది. ఒక్క క్షణమే. “బొమ్మ నాయనా, బొమ్మ!” అని మేము అరిచిన అరుపు మాకే వింతగా వినబడింది. అతను తీసుకుని, తిప్పి చూసి, సైకిలు గంటమూత కనబడ్డాక నవ్వాడు. మాకు మాత్రం నవ్వు రాలేదు. తప్పు అతనిది కాదు, అక్షరాలా మాది.

అమెరికాలో 1989నుంచి బొమ్మతుపాకులకు మెరిసే నారింజ మూతి ఉండాలని చట్టమున్నది. అక్కడ మన పిల్లలున్న ఇండ్లవారు ఇది బాగా గుర్తుంచుకోవాలి. 2014 నవంబరులో ఓహియో రాష్ట్రం క్లీవ్‌లాండులో పన్నెండేళ్ళ బాలుడొకడు ఆ నారింజ గుర్తు లేని బొమ్మపిస్తోలుతో ఉద్యానవనంలో ఆడుకుంటూ పోలీసు కాల్పులకు బలైపోయాడు. మా మనుమడికీ అప్పుడు సరిగ్గా పన్నెండేళ్ళే.

ఆ సాయంత్రం ఇల్లు చేరగానే మూతి గీకి, నారింజరంగు మళ్ళీ పూశాము. పక్కలకు కూడా ఊదారంగు పట్టీలు వేశాము. ఇప్పుడు ఈ భూమిమీద ఏ తుపాకీకీ దానికి పోలిక లేదు. మా భీముడి గదకు మాత్రం ఉండేదా? అయినా దుర్యోధనుడు పడ్డాడు.

వాడు అలుగుతాడనుకున్నాము. సినిమా చూపించినప్పుడు ఆ మూతి సంగతి భయపడుతూనే అడిగాము. “అది వేడెక్కింది తాతా, అందుకే ఎర్రగుంది” అన్నాడు.