జ్వరం సిరప్, జలుబు సిరప్: రెండు సీసాల్లో ఒకటే మందు



గ్రూపులో నోటిఫికేషన్ల మీద, 1/70 మీద చర్చ ఎప్పుడూ ఉండేదే. ఈసారి కొంచెం పక్కకు జరిగి పసిపిల్లల మందుల గురించి రాస్తున్నాం. వానలు పడ్డాయంటే మన ఊళ్ళల్లో ఇంటికో జ్వరం. పీహెచ్‌సీ నుంచి తెచ్చిన సీసా ఒకటి, సంతరోజు ఆర్‌ఎంపీ ఇచ్చిన సీసా ఇంకోటి, ఆశా అక్క ఇచ్చిన బిళ్ళలు కొన్ని. తల్లి ఇవన్నీ వేర్వేరు మందులనుకుంటది. చాలాసార్లు అన్నింట్లో ఉండేది పారాసిటమాలే.

పారాసిటమాల్ చెడ్డ మందు కాదు. పిల్లల జ్వరానికి, నొప్పికి ముందుగా వాడాల్సింది అదే. ఓఆర్ఎస్, జింకు, మలేరియా మాత్రలు, మామూలుగా రాసే అమాక్సిసిలిన్, వీటితో కలిపి ఇవ్వొచ్చు కూడా. చిక్కంతా డోసు దగ్గర. ఒకసారికి పిల్లల బరువులో కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. డోసుకూ డోసుకూ మధ్య కనీసం 4 గంటలు, 6 గంటలైతే ఇంకా మేలు. 24 గంటల్లో నాలుగుసార్లు దాటకూడదు.

లెక్క చూడండి. 12 కిలోల పిల్లాడికి ఒకసారికి హద్దు 180 మి.గ్రా. జ్వరం సిరప్ 5 మి.లీ.లో 250 ఉండే రకమైతే ఒక్క చెంచాతోనే 250 పోయింది. ముక్కు కారుతోందని జలుబు సిరప్ ఒక చెంచా వేస్తే, అందులో ఇంకో 125. మొత్తం 375. రోజుకు నాలుగుసార్లు ఇట్లా వేస్తే 1500. ఆ పిల్లాడికి రోజంతా కలిపి హద్దు 720. రెండు మూడు రోజులు ఇదే సాగితే కాలేయం దెబ్బతింటది. సరిగ్గా తినని, బక్కచిక్కిన పిల్లలకు ముప్పు ఇంకా ఎక్కువ. మన గూడేల్లో అలాంటి పిల్లలు ఎంతమందో మీకు మేం చెప్పాలా?

ఆ జలుబు సిరప్‌లలో పారాసిటమాల్‌తోపాటు క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ అని రెండు మందులు కూడా ఉంటాయి. ఈ రెండూ కలిసిన మందు నాలుగేళ్ళలోపు పిల్లలకు వాడొద్దని సీసా మీద వేయాలని 2023లో కేంద్ర ఔషధ నియంత్రణ అధికారులు కంపెనీలకు చెప్పారు. ఆ మాట ఇంగ్లీషులో చీమ తలంత అక్షరాల్లో వేస్తే తెలుగే రెండో భాష అయిన కోయ తల్లి, కువి తల్లి ఎట్లా చదువుతది? "గిరిజనుల్లో అవగాహన లేదు" అని రిపోర్టులు రాసేవాళ్ళు ముందు ఆ సీసాను చేతిలోకి తీసుకుని చూడాలి.

పసిపిల్లల చుక్కల మందు ఇంకా చిక్కటిది. 1 మి.లీ.లో 100 మి.గ్రా. ఉంటది. మామూలు 125 సిరప్‌లో 1 మి.లీ.కి 25 మాత్రమే. చుక్కల మందును చెంచాతో పోస్తే నాలుగింతలు పోసినట్టే. మూడు నెలలలోపు బిడ్డకు ఒళ్ళు కాలితే ఇంట్లో మందు వేసుకుంటూ కూర్చోకుండా ఆసుపత్రికే తీసుకుపోవాలి. ఆశ్రమ పాఠశాలల్లో 20 కిలోల పిల్లకు 650 గోలీ ఇవ్వడం కూడా ఇట్లాంటిదే. ఆ పిల్లకు 300 హద్దు.

ఇబుప్రొఫెన్, మెఫెనమిక్ యాసిడ్ వేరే జాతి మందులు. ఈ రెండూ ఒకదానితో ఒకటి కలపొద్దు. డెంగీ అనుమానం ఉన్నా, వాంతులు విరేచనాలతో నీళ్ళు తగ్గిపోయినా వీటి జోలికి పోవద్దు. పిల్లలకు ఆస్పిరిన్ సొంతంగా అసలే వేయొద్దు. నిమెసులైడ్ 12 ఏళ్ళలోపు పిల్లలకు 2011 నుంచే నిషేధం.

సికిల్‌సెల్ ఉన్న పిల్లల సంగతి విడిగా చెప్పాలి. వాళ్ళ నొప్పి మామూలు నొప్పి కాదు. అందుకే డాక్టర్లు పారాసిటమాల్, ఇబుప్రొఫెన్ రెండూ రాస్తుంటారు. ఈ పోస్టు చదివి అవి ఆపకండి, హైడ్రాక్సీయూరియా కూడా ఆపకండి. ఏది ఎప్పుడు వేశారో రాసుకోండి, నీళ్ళు బాగా తాగించండి. జ్వరం వస్తే మాత్రం బిళ్ళతో తగ్గిందని ఇంట్లో ఉండొద్దు, అదే రోజు ఆసుపత్రికి పోవాలి. ఫిట్స్ మందులు, టీబీ మందులు వాడే పిల్లలకు పారాసిటమాల్ వల్ల కాలేయానికి ముప్పు పెరగొచ్చు. డాక్టరుకు ముందే చెప్పండి.

పసరు మందు విషయంలో మా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. పసరు వాడినందుకు ఓపీలో తల్లిని నలుగురిలో తిడితే, ఆమె రెండోసారి వచ్చినప్పుడు దాస్తది. ఏం తాగించారో డాక్టరుకు తెలియకపోవడం పసరు కన్నా పెద్ద ప్రమాదం. తిట్టకుండా అడగమని మన పీహెచ్‌సీల్లో మనమే మాట్లాడాలి. మందు ఎన్ని మి.లీ. వేయాలో తెలుగులో రాసివ్వమనీ, కొలత మూత ఇవ్వమనీ అడగాలి.

సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఇంట్లో, పక్కింట్లో ఉన్న సీసాలన్నీ తీసి చూడండి. పారాసిటమాల్ ఉన్నవాటి మీద మార్కర్‌తో ఒకే గుర్తు పెట్టండి. ఒకే గుర్తున్న రెండు సీసాలు ఒకేసారి వాడొద్దని అమ్మకు, వదినకు వాళ్ళ భాషలోనే చెప్పండి. మందు వేసిన ప్రతిసారీ గోడ మీద బొగ్గుతో ఒక గీత గీయమనండి. పొద్దున్నుంచి పొద్దున్న దాకా నాలుగు గీతలైతే ఆపేయాలి.

డోసు ఎక్కువైందని అనుమానం వస్తే కళ్ళు పచ్చబడేదాకా చూడకండి. మొదటి రోజు పిల్ల బాగానే ఆడుకుంటున్నట్టు కనిపించొచ్చు. దీనికి విరుగుడు మందు ఉంది, 8 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తది. 108కి ఫోన్ చేయండి (సిగ్నల్ లేని ఊళ్ళ సంగతి ఇంకో పోస్టులో మాట్లాడుకుందాం), వెళ్ళేటప్పుడు వాడిన సీసాలన్నీ, ఖాళీవి కూడా, వెంట పట్టుకెళ్ళండి.