మంజపై చేతిలో ఉంటే చెయ్యి జారుతుందా?

ధర్మపురిలో మా వంటింటి తలుపు వెనక ఒక మేకు ఉంది. దానికి ఎప్పుడూ నాలుగైదు సంచులు వేలాడుతుంటాయి. వాటిల్లో పాతది పసుపుపచ్చ గుడ్డ సంచి, ఎవరిదో పెళ్లిలో తాంబూలంతో ఇచ్చింది. పెండ్లికొడుకు పేరు చెరిగిపోయింది, పెండ్లికూతురి పేరు సగం మిగిలింది. తమిళంలో దాన్ని మంజపై అంటారు. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా మేమూ మంజపై అనే అంటాం. బజారులో నేర్చుకున్న మాటలు బజారు భాషలోనే ఉండిపోతాయి కదా.

ఈ మధ్య ఆ మేకు కిందే మా ఇంట్లో ఒక చిన్న రచ్చ జరిగింది. నెల మొదట్లో సామాన్లకు పోయినాం. ప్లాస్టిక్ కవర్ ఒక్కటి కూడా తీసుకోకూడదని ఇంటి నుంచే మూడు పెద్ద సంచులు పట్టుకుపోయినాం. తిరిగొచ్చి సామాన్లు దించుతుంటే మా అత్త బిల్లు చూసి అడిగింది, "చీటీలో లేనివి ఇన్ని ఎట్ల వచ్చినాయి?" అని. చీటీలో రాసింది కందిపప్పు, ఉద్దిపప్పు, నూనె, చింతపండు, సబ్బులు. సంచిలో నుంచి బయటికొచ్చింది మాత్రం రెండు రకాల బిస్కత్తులు, జీడిపప్పు మురుకులు, ఒక ఐస్‌క్రీమ్ డబ్బా, 'ఆర్గానిక్' అని రాసిన బెల్లం కూడా. ఆ బెల్లం మామూలు బెల్లానికి దాదాపు రెట్టింపు ధర. చింతపండు మాత్రం మరిచిపోయినాం. పాపిరెడ్డిపట్టి చింతచెట్ల నీడలో బతికే ఊరివాళ్లం చింతపండు మరిచిపోయి ఐస్‌క్రీమ్ తెచ్చుకున్నామంటే మీరే చూడండి.

మా అత్త తీర్పు ఒక్క మాటలో తేలిపోయింది. "సంచి పెద్దదైతే చెయ్యి పెద్దదైతుంది."

ఆ మాటను మేము నవ్వి వదిలేసే వాళ్లమే. అయితే ఇదే సంగతిని అమెరికాలో ఇద్దరు పరిశోధకులు లెక్కలు వేసి చూసినారు. ఉమా కర్మార్కర్, బ్రయన్ బోలింజర్ అని. వాళ్ల వ్యాసం 2015లో జర్నల్ ఆఫ్ మార్కెటింగ్ అనే పత్రికలో వచ్చింది. కాలిఫోర్నియాలో ఒక పెద్ద సూపర్‌మార్కెట్ బిల్లులు, 2005 మే నుంచి 2007 మార్చి దాకా ఉన్నవి, తిరగేసినారు. సొంత సంచి తెచ్చుకున్న రోజు జనం రెండు రకాల వస్తువులు ఎక్కువ కొన్నారంట. ఒకటి, రసాయన ఎరువులు, రసాయన మందులు లేకుండా పండించిన ఆర్గానిక్ సరుకు. రెండోది చిప్సు, ఐస్‌క్రీమ్, తీపి. మొదటిది చూస్తే, మంచి పని ఒకటి చేసినాం, దాని వరసలో ఇంకొకటి చేద్దాం అనే బుద్ధి. రెండోది చూస్తే, ఇంత మంచి పని చేసినాం కదా, మనకు మనం ఏదో ఒకటి ఇచ్చుకుందాం అనే బుద్ధి. మా సంచిలో ఆర్గానిక్ బెల్లమూ ఐస్‌క్రీమూ పక్కపక్కన కూర్చున్నది ఇందుకేనన్నమాట! ఉపవాసం రోజు ఫలహారం పేరుతో రెండు భోజనాల తిండి తినేవాళ్లం, మనకు ఇది కొత్త సంగతేమీ కాదు.

అదే పరిశోధనలో ఇంకొక మాట ఉంది, మాకు అదే ముఖ్యం అనిపించింది. సొంత సంచి తేవాలని అంగడివాళ్లే నియమం పెడితే, తనకు తాను బహుమానం ఇచ్చుకునే ఈ బుద్ధి నిలవదు. సంచి తేవడం మన గొప్ప అనుకున్నప్పుడే చెయ్యి జారుతుంది. చిన్న పిల్లలున్న తల్లిదండ్రుల్లో కూడా ఈ జారుడు తక్కువంట. (మా పిల్లలను వెంట తీసుకుపోయి చూస్తే ఆ మాట మీద మాకు కొంచెం అనుమానం వస్తుంది. అది వేరే కథ.)

ఇప్పుడు మన తమిళనాడు సంగతికి వద్దాం. ఇక్కడ 2019 జనవరి 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు 14 రకాల మీద నిషేధం ఉంది. ఎంత మందం అయినా సరే ప్లాస్టిక్ క్యారీ బ్యాగు కూడదు. గుడ్డలా కనపడే నాన్ ఓవెన్ సంచి కూడా ఆ జాబితాలో ఉంది. చాలామందికి ఇది తెలియదు, అది గుడ్డ అనే అనుకుంటారు. నిజానికి అది పాలీప్రొపిలీన్, అంటే ప్లాస్టిక్కే. తరువాత 2021 డిసెంబరులో ముఖ్యమంత్రి స్టాలిన్ 'మీండుం మంజపై', అంటే మళ్లీ పసుపు సంచి, అనే ప్రచారం మొదలుపెట్టినారు. పది రూపాయలు వేస్తే మంజపై ఇచ్చే యంత్రాలు కూడా వచ్చినాయి.

ఈ ప్రచారం మాకు సంతోషమే. ఒకప్పుడు మంజపై పట్టుకుని బస్సు దిగినవాణ్ణి పట్నంవాళ్లు పల్లెటూరి బైతు కింద లెక్కగట్టేవాళ్లు. మా నాయన కాలేజీలో చేరడానికి పోయేటప్పుడు దారిలోనే ఆ సంచిని మడిచి చొక్కా లోపల దాచుకున్నాడట. అదే సంచికి ఇప్పుడు సర్కారే మర్యాద చేస్తోంది. అయితే ఒక చిక్కు కూడా ఉంది. నిషేధం ఉన్నా సంతలో, పూల దగ్గర, మాంసం దగ్గర పలచటి కవర్లు మళ్లీ కనపడతానే ఉన్నాయి. అడిగితే ఇస్తారు, అడగకపోయినా ఇస్తారు. కాబట్టి సొంత సంచి పట్టుకుపోవడం ఇప్పటికీ అందరూ చేసే మామూలు పనిగా మారలేదు, మన గొప్పగానే మిగిలింది. గొప్పగా ఉన్నంత కాలం బహుమానం కూడా అడుగుతుంది.

మా అభిప్రాయంలో అసలు తేడా సంచి దగ్గర లేదు. సంచితో పాటు పోయిన కొలతల దగ్గర ఉంది.

మా అవ్వ కాలంలో అంగడికి పోవాలంటే సంచి ఒక్కటే చాలేది కాదు. నూనెకు తూకు గిన్నె ఒకటి, నెయ్యికి చిన్న స్టీలు డబ్బా. పప్పులు, మిరపకాయలు, ధనియాలు కాగితం పొట్లాల్లో కట్టి పురికొస చుట్టి ఇచ్చేవాళ్లు. నూనె గిన్నె ఎంత పట్టేదో అంతే నూనె. సంచి ఎంత మోయగలిగితే అంతే సామాను, ఎందుకంటే మోసుకు రావలసింది ఇంటిదాకా, నడిచి. చేతిలో దుడ్డు తక్కువ ఉంటే వంద గ్రాములు, యాభై గ్రాములు కూడా కట్టిచ్చేవాళ్లు. అప్పు రాస్తే అంగడి పద్దు పుస్తకంలో పడేది, దాన్ని అవ్వ నెలాఖరున వేళ్ల మీద లెక్కపెట్టి సరిచూసేది. గిన్నె, సంచి, మోసే చెయ్యి, పద్దు పుస్తకం, ఈ నాలుగూ కలిసి ఇంటి ఖర్చుకు కట్టిన గట్టు.

ఇప్పుడు సంచి మాత్రం తిరిగొచ్చింది. గిన్నె రాలేదు. మన గుడ్డ సంచిలో పోసుకునేదంతా ప్లాస్టిక్ ప్యాకెట్టే. పావు లీటరు నూనె చాలినా లీటరు ప్యాకెట్టు తీసుకుంటాం. మోయడానికి స్కూటర్ ఉంది, లేదంటే ఇంటికే తెచ్చిస్తారు. దుడ్డు లెక్కపెట్టి ఇచ్చే పని లేదు, ఫోన్ చూపిస్తే అయిపోయింది. గట్టులో మూడు వైపులు తెగిపోయినాక ఒక్క సంచిని పట్టుకుని 'మేము పొదుపుగా ఉన్నాం' అనుకుంటే ఎట్ల?

సంతలో మాత్రం కథ ఇంకోలా ఉంటుంది. 1999లో ఆంధ్రలో రైతు బజార్లు మొదలైనాయి. అదే ఏడాది తమిళనాడులో మదురైలో మొదటి ఉళవర్ సందై తెరిచినారు. మా ధర్మపురిలోనూ ఒకటుంది. అక్కడికి అదే సంచి పట్టుకుపోతే మాకు ఖర్చు పెరగదు. ఎందుకంటే బహుమానంగా కొనుక్కోవడానికి అక్కడ ఏముంది? పాలక్కోడు టమాటాలు, అవరకాయ, మునగాకు. ఎంత తబ్బిబ్బయినా ఇంకొక కట్ట కొత్తిమీర కొంటాం. పైగా, సంచి చాపి నిలబడితే అమ్మే ఆమె తక్కెట్లోది సంచిలోకి వంచి, పైన రెండు మిరపకాయలు, ఒక కరివేపాకు రెబ్బ కొసరు వేస్తుంది. ఒకే సంచి, ఒకే మనిషి. మారింది అంగడి ఒక్కటే. కాబట్టి తప్పు సంచి మీద వేయకూడదు. మా అత్త మాటను మేము ఇంతవరకే సవరిస్తాం.

దూరదేశంలో ఉన్న మనవాళ్లది ఇంకొక అవస్థ. న్యూజెర్సీలో 2022 మే 4 నుంచి పెద్ద సూపర్‌మార్కెట్లలో ప్లాస్టిక్ సంచే కాదు, కాగితం సంచి కూడా ఇవ్వరు. మరిచిపోయి పోతే కొత్త సంచి కొనాల్సిందే. సామాన్లు ఇంటికి తెప్పించుకున్నవాళ్లకు ప్రతిసారీ కొత్త సంచులు వచ్చి ఇంట్లో గుట్టలు పడినాయి. సంచులు పెరగడం వట్టి చోటు సమస్య కాదు. 2011లో ఇంగ్లండు పర్యావరణ సంస్థ వేసిన లెక్క ప్రకారం, ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సంచి కంటే వాతావరణానికి మేలు చేయాలంటే ఒక నూలు సంచిని కనీసం 131 సార్లు వాడాలి. మా మేకు మీది పెళ్లి సంచి ఆ లెక్క ఎప్పుడో దాటేసింది. మిగతా వాటిలో రెండు ఇంకా ఇస్త్రీ మడత కూడా విప్పలేదు.

అందుకని ఇప్పుడు మా ఇంట్లో ఒక మార్పు చేసినాం. పెద్ద సంచులు రెండింటిని బియ్యానికి, రాగులకు మాత్రమే ఉంచినాం. మిగతా సామానుకు పోయేవాళ్లు చిన్న మంజపై ఒక్కటే తీసుకుపోవాలి. అది నిండితే వెనక్కి రావాలి. నూనె కోసం మరచెక్క దగ్గరికి స్టీలు డబ్బా పట్టుకుపోతున్నాం. మొదటిరోజు మూత సరిగ్గా బిగించక స్కూటర్ మీద సగం కారింది, ఆ రోజు మాత్రం ప్యాకెట్టే మేలు అనిపించింది. చీటీ రాసే పని అత్తకు అప్పగించినాం. ఆమె తెలుగులో రాస్తుంది. మా పెద్దబ్బాయికి చదవడం రాదు, తమిళ బడి చదువు. ఆ చీటీ కోసమని అక్షరాలు కూడబలుక్కుంటున్నాడు. పోయిన వారం 'చింతపండు'ను 'చింతపిండి' అని చదివి అంగడాయనను పిండి అడిగి వచ్చినాడు.

చింతపండు ఇంకా రాలేదు.