అశ్వహృదయము – అక్షహృదయము

నలుడు ఋతుపర్ణునకు అశ్వహృదయము నొసగి, ఆతనియొద్ద అక్షహృదయమును గ్రహించెనని భారతకథ. గుఱ్ఱము నెఱుగుట ఒక విద్య. పాచిక నెఱుగుట వేఱొక విద్య. మలకుపేట పందెపు మైదానమున ఈ రెండును కలగలిసిపోయినవి. దక్కను డెర్బీ పేరు వినబడినప్పుడెల్ల వీనిని వేఱుపఱచి చూడవలెనని మాకు తోచుచుండును.

డెర్బీ పుట్టుక గొప్పదే. 1780 మే 4వ తేదీన ఇంగ్లండునందలి ఎప్సములో మొదటి డెర్బీ జరిగెను. సర్ ఛార్లెసు బన్‌బరీగారి డయోమెడు గెలిచెను. నాటి దూరము ఒక మైలు. 1784 నుండి మైలున్నర. తక్కిన పందెములు పెక్కింట బలమైన గుఱ్ఱముపై అధికభారము మోపి, బలహీనమైనదానికి అవకాశము కల్పింతురు. డెర్బీలో అట్టి సవరణ లేదు. ఒకే యీడు గుఱ్ఱములు. ఆడుగుఱ్ఱమునకు స్వల్పమైన తగ్గింపు దప్ప ఒకే బరువు. మేలుజాతిని తేల్చి దాని సంతతిని వృద్ధిచేయుటయే ఇందలి పరమార్థము. మన దేశమున 1943లో బొంబాయి మహాలక్ష్మి మైదానమున తొలి ఇండియన్ డెర్బీని గెలిచిన ప్రిన్సెస్ బ్యూటిఫుల్ ఆడుగుఱ్ఱమే.

హైదరాబాదున పందెములు 1868లో మౌలాలియందు ప్రారంభమై, ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాన్ కాలమున, 1886లో, మలకుపేటకు వచ్చినవి. 1358 ఫసలీనాటి శాసనము పందెములపై పన్ను విధించెను. 1996లో మద్రాసు రేసుక్లబ్బు వ్యాజ్యమున సుప్రీముకోర్టు గుఱ్ఱపుపందెము ప్రధానముగా నేర్పుపై ఆధారపడినదే గాని జూదము కాదని తీర్పు చెప్పెను. ఆ తీర్పును మేము గౌరవింతుము. కాని వంశమును, శిక్షణను, రౌతు నేర్పును పరిశీలించి పందెము కట్టువారెందఱు? పొరుగువాని మాట విని కట్టువారెందఱు? 2025 సెప్టెంబరు 22 నుండి పందెములపై నూటికి 40 చొప్పున పన్ను విధించిన ప్రభుత్వమునకు సయితము ఇది వ్యసనమని తెలియదా?

నగరమునకు పడమట చేవెళ్ల, మొయినాబాదు, ప్రొద్దుటూరు ప్రాంతములలో నిన్న ఎకరములలో కొలిచిన నేలను నేడు గజములలో కొలుచుచున్నారు. తాతలనాటి చేను ఒక్క సంతకముతో నోట్లకట్టలగుచున్నది. పంట పోయినచో మఱు సంవత్సరమున పండును; పందెమున పోయిన చేను మఱి పండదు.

పందెములనే మాన్పుడని మేము కోరుట లేదు. అశ్వపోషకులును, రౌతులును, గుఱ్ఱపుసాలల పనివారును వీనిపై జీవించుచున్నారు. మా కోరిక స్వల్పము. దక్కను డెర్బీ పలు సంవత్సరములు అక్టోబరు 2వ తేదీననే, జూదమును జీవితాంతము గర్హించిన గాంధీమహాత్ముని జన్మదినముననే, జరుగుచు వచ్చినది. గుఱ్ఱములు పరుగెత్తుగాక, ప్రజలు చూచి ఆనందింతురుగాక. ఆ యొక్క దినమునందైనను పందెపు కిటికీలు మూయుడు. అశ్వహృదయము నెఱిగినవారు అప్పుడును మైదానమునకు వత్తురు. రానివారెవరో, వారు దేనికొఱకు వచ్చుచుండిరో, లోకమునకు తెలియును.