సీటు దొరికితే సరిపోతుందా?

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1920ల ఆరంభంలో పైచదువుకు అమెరికా వెళ్లడానికి అండగా నిలిచిన వాటిలో కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మనిధి ఒకటి. దాని స్థాపకుడు మత్స్యకార కుటుంబీకుడు. బ్రాహ్మణ మేధకు బహుజన చేయూత అది. ఆ రుణం తీరిందా? ఢిల్లీ ఎయిమ్స్‌లో దళిత, ఆదివాసీ విద్యార్థులు ఎదుర్కొన్న వివక్షను 2007లో థోరట్ కమిటీ బయటపెట్టింది.

జీవవైద్య పరిశోధనలో అడుగుపెట్టిన తొలితరం దళిత విద్యార్థిగా నా అనుభవమూ ఇదే చెబుతుంది. రిజర్వేషన్ సీటు ఇస్తుంది. గైడును ఎలా ఎంచుకోవాలో, ఫెలోషిప్‌కు ఎలా దరఖాస్తు చేయాలో చెప్పే సీనియర్‌ను ఇవ్వదు. ఆ లోటును విద్యార్థి సంఘాలు పూడ్చాలి. వాటి నాయకత్వంలో మాకూ చోటుండాలి. పరిశోధకులు కోనసీమ దళితపేటల బడులకు వెళ్లి, ఇలాంటి దారి ఒకటుందని పిల్లలకు చెప్పాలి. నాకా మాట చెప్పినవారు లేక నాలుగేళ్లు పోగొట్టుకున్నాను.